గూబలతో నూకయ్య మంతనాలు

సింహాచలమ్మ మొగుడు నూకయ్యకు గూబలతో మాట్లాడే జబ్బు ఉంది. జబ్బని ఆవిడే అంటుంది, ఆయన మాత్రం సంగీతమంటాడు. పొద్దు వాలేసరికి రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "చిర్ర్... చివుక్ చివుక్" అని కూస్తాడు. బెంగాల్లోని ఆ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఏ చెట్టు తొర్రలోంచో పిడికెడంత గూబ ఒకటి బదులు పలుకుతుంది. అప్పుడు చూడాలి ఆయన మొహం. పెళ్ళిచూపుల్లో ఈవిడను చూసినప్పుడు కూడా అంత వెలగలేదు.

రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక రోగం ముదిరింది. వియ్యాలవారి విందులో పప్పులో నెయ్యి వేయించుకుంటూ, ఉన్నట్టుండి లేచి కిటికీ దగ్గరికెళ్ళి కూశాడు. మలంచా రోడ్డులో షేర్ ఆటో ఆపించి మరీ కూశాడు. పక్కన కూర్చున్న బెంగాలీ దీదీ దిగిపోయి వేరే ఆటో ఎక్కింది.

"ఏటి మావా, ఆటితోటి అన్నేసి కబుర్లు? నాతో మాటాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయేటి?" అని సింహాచలమ్మ నిలదీసింది. గూబలు మధ్యలో అడ్డుతగలవని ఆయన జవాబు.

ఇంతలో పక్క క్వార్టర్ చిలకమ్మ కూతురు ప్రశాంతి తొలి పురుటికి పుట్టింటికి వచ్చింది. ఆ వారంలోనే గూబల జంటొకటి సరిగ్గా వాళ్ళ కప్పు మీదే కచేరీ పెట్టింది. గూబ కూసిన ఇల్లు పాడుబెట్టాలని మనవాళ్ళ పట్టింపు. చిలకమ్మకు కంటి మీద కునుకు లేదు. ఇంటికి తాళం వేసి, కూతురితో విజయనగరం బండి ఎక్కేద్దామని మూటలు కట్టేసింది. నెలలు నిండిన పిల్లకు ఆ ప్రయాణమేమిటని ఎంతమంది చెప్పినా వినలేదు.

నూకయ్య మాత్రం తన పెరట్లో నిలబడి రోజూ మరింత జోరుగా కూశాడు. సింహాచలమ్మకు తల కొట్టేసినట్టయింది. పురుటింటి పక్కన ఇదేం సరసమని చెయ్యి పట్టుకుని లోపలికి లాగినా రాలేదు. చివరికొక సాయంత్రం ఆ జంట చిలకమ్మ కప్పు మీంచి లేచి, తిన్నగా వచ్చి వీళ్ళ వంటింటి కప్పు మీద వాలింది.

నూకయ్య ప్రహరీ దగ్గరికెళ్ళి, "సిలకమ్మొదినా, మూటలిప్పీ. గూబలు మాయింటికొచ్చేసినాయి. ఇంక మీ కప్పెక్కనివ్వను" అన్నాడు.

చిలకమ్మ గోడ మీంచి చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఈ మాట కూతురికి చెప్పడానికి పరుగెత్తింది. ఇన్ని సాయంత్రాలూ మొగుడు దేనికి గొంతు చించుకున్నాడో సింహాచలమ్మకు అప్పుడు తెలిసింది. ఆయన మీద బోలెడు ప్రేమ పుట్టుకొచ్చింది. దాని వెనకే భయమూ పుట్టింది.

"మరి మనకి కీడు కాదేటి?"

"మనకేటి కీడు? గూబంటే లచ్చిందేవి వాహనం. ఈ బెంగాలీవోళ్ళు దండం ఎడతారు."

"ఆ ముక్క సిలకమ్మకే సెప్పలేకపోనావా?"

"బయపడిపోయినోళ్ళకి సెప్తే ఎక్కుతాదేటి? గూబలైతే సెప్పినట్టు ఇంటాయి."

సింహాచలమ్మ బెంగాలీ లెక్క ప్రకారం కప్పు మీది గూబలకు దండం పెట్టింది. ఎందుకైనా మంచిదని తెలుగు లెక్క ప్రకారం గుప్పెడు ఉప్పు తెచ్చి మొగుడికి దిష్టి తీసింది.