కమాను కింద మూడో ప్రకటన

మొన్న మనవరాలితో చెన్నై వెళ్దామని సూళ్లూరుపేట స్టేషనుకు వెళ్లి, అలవాటుగా ఉత్తరం వైపు తల తిప్పి చూసినదాన్ని, చేతిలోని సంచి జారవిడిచాను. పాత రైలుకట్ట లేదు. ఇంటికప్పుల కన్నా ఎత్తుగా ఉండే ఆ కట్టను యంత్రాలు సగానికి పైగా తవ్వేసి, కమానుల ఇటుకలను లారీల్లోకి ఎత్తుతున్నాయి. కొత్త లైను స్తంభాల మీద పోతుందట. అక్కడి బెంచీ మీదే కూర్చుండిపోయాను. మనవరాలు కంగారుగా నీళ్లు తాగించి, పాత కట్టేగా అమ్మమ్మా అంది.

నా ఈడు వాళ్లకైతే చెప్పనక్కర్లేదు. ఆ కమానులు వరదనీళ్లు పోవడానికి కట్టినవి, వానల్లేని నెలల్లో ఎండి ఖాళీగా ఉండేవి. మా సంఘానికి గుడి లేని ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద కమానే మా గుడి. శనివారం సాయంత్రం అమ్మా, పెద్దమ్మా ఏటి ఇసుక తెచ్చి పరిచేవారు. ఆరాధన మధ్యలో పైన రైలు వస్తే పాస్టరుగారు ఎత్తిన చెయ్యి దించకుండా మాట మధ్యలోనే ఆగేవారు, ఆడవాళ్లు రాలే దుమ్ముకు ముసుగు ముందుకు లాక్కునేవారు, రైలు పోయాక ఆయన ఆగిన చోటే మళ్లీ అందుకునేవారు. పొరుగూరి వాళ్లకు నవ్వొచ్చేది గానీ, రైలు రాని ఆదివారం మాకే ఏదో వెలితిగా ఉండేది.

అరవైలలో రెండో లైను పనులు సాగుతుండగా మా అక్కకు సంబంధం కుదిరింది. కాబోయే బావ ఆ పనుల్లోనే తాపీ మేస్త్రీ. మా పద్ధతిలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడగాలి. ఉన్నవాళ్లు నిలబడాలి, లేనివాళ్లు కూర్చోవాలి. రెండు ప్రకటనలు అయ్యాయి. ఆ వారంలో బావా, మరికొందరూ వచ్చి కమానుల మీద సున్నంతో గీతలు గీస్తుంటే, సంఘపెద్ద అయిన మా నాన్న ముఖం వెలిగిపోయింది.

"అల్లుడు పెళ్లికని గుడికి సున్నం కొట్టిస్తా ఉండాడు" అని వీధంతా చెప్పుకొచ్చి, అమ్మ చేత మజ్జిగ కలిపించి అందరికీ తానే పోశారు. బావ గ్లాసు పట్టుకుని నేలచూపులు చూస్తుంటే పెళ్లికొడుకు సిగ్గనుకున్నాం.

ఆదివారం పొద్దున పాటల పుస్తకాలు పట్టుకుని వెళ్లేసరికి కమాను లేదు. లోపలంతా మట్టి నింపి, ముందు రాతిగోడ కట్టేశారు. నీళ్లకు పక్కన కొత్త వంతెన వచ్చింది గనుక వీటితో ఇక పనిలేదట. బావావాళ్లు సున్నంతో గీసినవి ఆ గోడకు గుర్తులట. పెద్దమ్మ ఆ గోడను నమ్మలేనట్టు అరచేత్తో తట్టి తట్టి చూసింది. కట్టినవాళ్లలో తానూ ఉన్నానని బావే వచ్చి చెప్పారు.

"చెప్దామనే వచ్చినా మామా. మీరు మజ్జిగ పోసినాక నోరు రాలేదు."

నాన్న ఆయన వంక చూడలేదు. ఇక పెళ్లి మాట ఎత్తవద్దని పాస్టరుగారితో అన్నారు. అంతమందిలో ఏనాడూ గొంతెత్తని మా అక్క అప్పుడు ముందుకొచ్చింది.

"మూడోది చదవండి అయ్యగారూ. అభ్యంతరం చెప్పాల్సినోళ్లు ఎవురన్నా ఉంటే అది నేనే. నాకేం లేదు" అని గోడ ముందే నేల మీద కూర్చుంది.

పాస్టరుగారు చదివారు. ఒక్కొక్కరే కూర్చున్నారు. నాన్న ఒక్కరే నిలబడి ఉన్నారు. అక్క వంక చూసీ చూసీ, చివరికి పైకండువాతో కళ్లు తుడుచుకుని ఆయనా కూర్చున్నారు. పెళ్లి జరిగింది గానీ మామా అల్లుళ్లకు మాటల్లేవు.

కొన్నేళ్లకు గుడి కట్టుకున్నాం. గోడలు లేపింది బావే, అయినా ఆయన ఏ ఆదివారమూ లోపల కూర్చోలేదు, బయటి మెట్టు మీదే ఉండేవారు, పక్కన అక్క. బాగా ముసలివారయ్యాక ఒక ఆదివారం నాన్న ఆరాధన మధ్యలో కర్ర ఊతంగా లేచి, బయటికి నడిచి, వాళ్లిద్దరి పక్కన కూర్చున్నారు.

వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఆనాడు మా గుడి మూసినవాడు మా ఇంటిమనిషి, అందుకే అంతగా కోప్పడ్డాం, ఏళ్ల తరబడి ముఖం తిప్పుకున్నాం, కడకు పక్కన కూర్చోగలిగాం. మొన్న ఆ లారీల మధ్య తెలిసిన ముఖం ఒక్కటైనా ఉంటుందేమోనని చాలాసేపు వెతికాను. కోప్పడటానికైనా నాకు ఎవరూ దొరకలేదు.