రెండు దర్వాజల వీధి

వాషింగ్ మిషన్‌లో ఏదో టకటకమని కొట్టుకుంటోంది. మా లింగమూర్తి బావ అన్నం తింటూ మధ్యలో లేచి, ఎడమ చేత్తో మిషన్ ఆపి, మూత తీసి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి తడిబట్టల మధ్య కాసేపు వెతికాడు. చివరికి ఒక పసుపురంగు ప్లాస్టిక్ ఇటుక బయటికి వచ్చింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి మేడలు కట్టుకుంటారే, ఆ ఇటుక. బొటనవేలి గోరంత ఉంటుంది.

“నా అంగి జేబుల నుంచి పడ్డట్టున్నది,” అన్నాడు.

“మిషన్ ఖరాబైతే నీ బామ్మర్ది వచ్చి బాగ జేస్తడా?” అంది మా యమునక్క వంటగదిలోంచి.

“ఎందుకు జెయ్యడు? ఒక్క పద్యం సదివిండంటే మిషన్ భయపడి దానంతలదే తిరుగుతది.”

నేను పెద్దపల్లిలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆదివారాలు గోదావరిఖని వచ్చి వాళ్ళింట్లో తిని, ఇలాంటి మాటలు పడి వెళ్ళడం నాకు అలవాటు. బావ ఇటుకను లుంగీకి తుడిచి, బొడిపెల్లో నీళ్ళు పోయేలా ఉఫ్‌మని ఊది, ఫ్రిజ్ మీద పెట్టాడు. అన్నం ముగించాడు. “నాలుగు గొట్టంగ లేపుర్రి, చాయ్ తాగుత,” అని చాప మీద పడుకున్నాడు. నాలుగింటికి లేపితే లేవలేదు. గుండె అన్నారు దవాఖానలో.

ఆయన గురించి చెప్పబోతే నాకు ముందు నవ్వే వస్తుంది. అది ఆయన తప్పే.

బావది గనిలో సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టడం, బోల్టులు బిగించడం. కొత్త చోటికి వెళ్ళగానే గడ్డపారతో కప్పు తట్టి వినాలి. ఖంగుమంటే గట్టి, బోలుగా మోగితే డొల్ల. ఏళ్ళ తరబడి ఇదే చెయ్యడంతో ఏ కప్పు కిందికి వెళ్ళినా ఆయన చెయ్యి ఊరుకోదు. పెండ్లి పందిరి గుంజల్ని కూడా తట్టి చూసి గానీ విస్తరి ముందు కూర్చునేవాడు కాదు.

ఇటుకల పిచ్చి పట్టుకుంది కాలు విరిగినప్పుడు. కాలు విరిగింది గనిలో కాదు, ఇంటి ముందు నల్లా దగ్గర పాచి మీద జారి. “ఇన్నేండ్లు పాతాళంల పనిజేసి ఏం గాలే, బిందె పట్టబోతే ఇరిగింది,” అని అందరికీ చెప్పి నవ్వుకునేవాడు. కట్టుతో మంచం మీద ఉంటే, ఆయన దోస్తు రఫీ చూడ్డానికి వచ్చాడు. రఫీ చౌరస్తాలో బండ్ల మెకానిక్. పాత సామాన్ల వాడి దగ్గర దొరికిందని ఒక డబ్బా తెచ్చాడు. నిండా రంగురంగుల ఇటుకలు. డబ్బా మీది బొమ్మ చినిగిపోయింది, ఎట్లా కట్టాలో చెప్పే కాగితం లేదు.

“ఏం కట్టాలె రఫీ దీంతోని?”

“నాకేం ఎర్క లింగన్నా. నీ కాలు కట్టు ఇప్పేదాంక ఏదో ఒకటి కట్టుకో.”

ఆ ముక్కలతో ఏ దేశంలోనో ఏ ఫైరింజన్ల షెడ్డో కట్టాల్సింది. బావ గని క్యాంటీన్ కట్టాడు. కట్టి, పెన్సిల్‌తో దాని కప్పు తట్టి, చెవి పెట్టి విన్నాడు. “మంచిగున్నది,” అన్నాడు. ఇక ఆగలేదు.

ఫోన్‌లో వెతికితే తెలిసింది, ఈ పని పెద్దవాళ్ళు కూడా చేస్తారనీ, దానికో పద్ధతి ఉందనీ. ప్రతి మేడనూ ఒకే కొలత పళ్ళెం మీద కట్టాలి. ఏ అంతస్తుకా అంతస్తు టిఫిన్ డబ్బా గిన్నెలా ఊడిరావాలి. పక్కగోడల కింద ఒకే చోట కొక్కేలు ఉంటే ఎవరి మేడనైనా ఎవరి మేడ పక్కనైనా తగిలించి వీధి చెయ్యొచ్చు. “అంటే మన కంపెనీ క్వార్టర్లే గద,” అన్నాడు బావ. “అన్ని ఒక్క తీర్గ, గోడకు గోడ. నేను పుట్టినకాడికెల్లి గిండ్లనే ఉన్న. నాకు మల్ల నేర్పుడేంది?”

ఆపైన ఇలాంటి ఇటుకల సెట్లు కొని కూడబెట్టడం మొదలుపెట్టాడు. విదేశీ చాయ్ దుకాణం, పుస్తకాల అంగడి, పాతకాలపు బ్యాంకు. ఒక్కొక్కటీ బొమ్మలో ఉన్నట్టే ఒకసారి కట్టేవాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. తర్వాత జాలి లేకుండా ఊడగొట్టి, ఆ ముక్కలతో గోదావరిఖని కట్టేవాడు. చాయ్ దుకాణం నీలం రంగు గొడుగులు మా కూరగాయల మార్కెట్ మీదికి వచ్చాయి. బ్యాంకు స్తంభాలు మూతపడ్డ టాకీసుకు వెళ్ళాయి. వీధి మీద బొగ్గుదుమ్ము పేరుకుంటే నేను తుడవబోయాను.

“ముట్టకు బామ్మర్దీ. గా దుమ్ముతోనే అసలు ఊరు లెక్క అవుపడ్తాంది. నేను కొనకుంట వచ్చిన సామాను గదొక్కటే.”

వంటగదికీ హాలుకూ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. దాని మీద చెక్క పరిచి వీధి నిలబెట్టాడు. మేడల ముఖాలు హాలు వైపు, వీపులు వంటగది వైపు. అక్క సణిగేది: “ముంగటంత నీకు, ఎనుకంత నాకు. నేను సచ్చేదాంక ఎనుక గోడలు సూసుకుంటనే కూర వండాల్నా?”

“ఎనుక దిక్కు గాలి మంచిగొస్తది, ఊకో,” అనేవాడు.

అయితే ఆ వెనుక గోడలు మామూలుగా ఉండేవి కావు. క్యాంటీన్ వెనుక గిన్నెలు తోమే రాయి, పక్కన బూడిద కుప్ప. టాకీసు మేడ మీద అప్పడాలు ఎండబెట్టిన గుడ్డ, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. ఒక క్వార్టర్ వెనుక బట్టల దండెం, దాని మీద నీలం చీర, చీర చాటున తెల్లటి ముక్క ఒకటి. లంగాను అందరికీ కనబడేలా ఆరేయరు కదా, అదీ సంగతి. నేను వేళ్ళతో చూపించి, “బావా, నీ కన్ను మామూలు కన్ను కాదు. ఇది కథకుడి చూపు,” అన్నాను. బావ మీసం దువ్వుకున్నాడు. వంటగదిలో అక్క గిన్నె కింద పడేసింది.

ఇంకో సంగతి, ప్రతి మేడకూ రెండు దర్వాజలు. ముందొకటి, వెనుకొకటి. పాన్ డబ్బాకు కూడా.

“పాన్ డబ్బాకు వెనుక దర్వాజ ఎందుకు బావా?”

“ముంగటికెల్లి పెండ్లాం వస్తె సిగరెట్టు తాగెటోడు ఎటు ఉర్కాలె? గనికి రెండు దార్లు లేకుంటె మనిషిని లోపటికి దింపం. ఇల్లయినా గంతే.”

ఈ రెండు దర్వాజలే హైదరాబాద్‌లో ఆయన కొంప ముంచాయి.

అక్కడ ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఏటా ఒకచోట చేరి, ఎవరి మేడ వాళ్ళు తెచ్చి, అన్నీ తగిలించి పెద్ద వీధి చేస్తారు. బావ ఫోన్‌లో పెట్టిన మేడల ఫొటోలు చూసి భూపాల్ అనే అబ్బాయి ఫోన్ చేసి పిలిచాడు. ఆ వీధిలో మన ఊరి మేడ ఒకటి నిలబడాలని బావకు పట్టుదల పుట్టింది. డ్యూటీ దిగడం, స్నానం చెయ్యడం, చెక్క ముందు కూర్చోవడం. కాలనీలోని రెండంతస్తుల టైలర్ షాపు కట్టాడు. కింద మిషన్లు, పైన కాపురం, వెనుక మెట్లు, మెట్ల కింద బొగ్గు పొయ్యి, పొయ్యి మీద మూత పెట్టిన ఎసరు గిన్నె. గనిలో ఎవరు కలిసినా దాని గురించే. “పెండ్లికి పిల్లను తోలుతున్నట్టే జేస్తున్నడు,” అని నవ్వేవారు.

రఫీ కారు అడిగి తెచ్చాడు. అక్క వెనుక సీట్లో టైలర్ షాపును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారిలో గుంత వచ్చినప్పుడల్లా, “రఫీ, మెల్లగ! పొయ్యి మీదికెల్లి గిన్నె పడ్తది!” అని కేకలు పెట్టింది. పెద్దపల్లిలో ఎక్కిన నేను ఆమె పక్కన ఒదిగి కూర్చున్నాను.

హాల్లో బల్లలన్నీ గోడలకు ఆనించి ఉన్నాయి. భూపాల్ మంచి పిల్లవాడు, నవ్వుతూ వచ్చి టైలర్ షాపును చూసి చేతులు జోడించాడు. ఇందులో ఏ సెట్టు ముక్కలు వాడారో కనుక్కుని మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. “ఆ బ్యాంకు సెట్టు ఇప్పుడు ఎక్కడా దొరకదు సార్! దాన్ని ఊడగొట్టారా?”

“దొరకకపోవుడేంది, ముక్కలు గీడ్నే ఉన్నయి గద,” అన్నాడు బావ, కప్పు తట్టి చూపిస్తూ.

మేడను వీధిలో తగిలించబోతుంటే బావ ఆపాడు. “గోడకు ఆనిస్తున్నవ్. ఎనుక దిక్కు ఎట్ల కనవడ్తది?”

“వెనుక ఎవరూ చూడరు సార్. అందరివీ అలాగే పెట్టాం.”

“ఎనుక దర్వాజ మూస్తివి గద బిడ్డా. మూసినంక లోపటి మనుషులు ఎట్ల రావాలె?”

“లోపల మనుషులు లేరు కదా సార్, బొమ్మలేగా.”

“బొమ్మలయితె సావొచ్చునా?”

జనం పోగయ్యారు. రఫీ మధ్యలో దూరాడు. “అరె లింగన్నా, రెండ్రోజుల ముచ్చట. ఇంత దూరం వచ్చినం. జల్ది పెట్టెయ్, బిర్యానీకి పోదాం.”

“బిర్యానీకి నువ్వు పో. నేను దీన్ని మూయనియ్య.”

అక్క దూరంగా తలుపు దగ్గర నిలబడి ఉంది. “పెట్టరాదు గోడకే! ఏమైతది? ఎనుక ఉన్నదేంది, మసి పొయ్యి,” అంది. ఆమె అలా అనేసరికి బావ ఇంకా బిగుసుకున్నాడు. మేడను రెండు చేతులా ఎత్తుకుని వీధిలోంచి బయటికి వచ్చేశాడు. ఏడాది పట్టుదల అలా పోయింది.

భూపాల్ పాపం ఏం చెయ్యలేక, చాయ్ పోసే చోట ఒక స్టూలు ఇచ్చాడు. నాలుగు దిక్కులా ఖాళీ ఉన్న చోటు. టైలర్ షాపు ఆ స్టూలు మీద ఒంటరిగా నిలబడింది. చాయ్ కోసం నిలబడ్డవాళ్ళకు వేరే దిక్కు లేక దాన్నే చూశారు. కాసేపటికి ఆడవాళ్ళు చాలామంది మెట్ల కింద పొయ్యి దగ్గర వంగి, “అయ్యో, ఎసరు గిన్నె చూడండి,” అని ఒకరినొకరు పిలుచుకున్నారు. ముందు వైపు కుట్టుమిషన్లను పట్టించుకున్నవాళ్ళే లేరు. బావ స్టూలు పక్కన కాపలా కాస్తూ, మధ్యమధ్య తలుపు వైపు చూసి కళ్ళెగరేస్తూ గడిపాడు. అక్క మాత్రం ఆ మేడ ఎవరిదో తెలియనట్టు పల్లీపట్టీ తింటూ దూరంగానే ఉంది. తిరుగు దారిలో దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

ఆ కథ గనికి ఆయన కంటే ముందే చేరింది. అప్పట్నుంచీ ఆయన పేరు రెండు దర్వాజల లింగమూర్తి. పాన్ డబ్బా దగ్గర ఆగితే, “లింగన్నా, ఎనుకకెల్లి రా,” అనేవారు. నేనయితే దాన్ని క్లాసులో చెప్పాను, పెండ్లిళ్ళలో చెప్పాను, చివరికి ఆయన దినాల నాడు కూడా చెప్పాను. గని రూలును బొమ్మలకు కూడా పాటించిన మనిషి అని. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. అక్క తల ఎత్తలేదు.

నెల మాసికం అయ్యాక క్వార్టర్ ఖాళీ చేసే పని మొదలైంది. రఫీ అట్టపెట్టెలు తెచ్చి మేడల్ని దూది మధ్య పెడుతున్నాడు. బయట రాయి పక్కన బకెట్లో బావ చివరి శనివారం విప్పిన డ్యూటీ బట్టలు అలాగే ఉన్నాయి. ఏదో ఒక సాయం చేద్దామని వాటిని తెచ్చి మిషన్ మూత తీశాను.

“తమ్మీ! గండ్ల ఎయ్యకు!” అక్క పరుగెత్తుకొచ్చింది. “బొగ్గు బట్టలు మిషన్ల ఎవలన్న ఏస్తరా? నా చీరలన్ని మసి గావా?”

“ఖాళీ మిషనే కదక్కా.”

“అయితేంది, డబ్బకు అంటుకుంటది. డ్యూటీయి గానీ ఇంటియి గానీ, ఆయన బట్టలు ఆయనే బయట రాయి మీద ఉతుక్కుంటుండె. మిషన్ కొన్నకాడికెల్లి ఆయన అంగి ఒక్కనాడు దీంట్ల పడలే.”

నేను ఆ బట్టలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. “మరి ఆ పసుపు ఇటుక...”

రఫీ టేపు చింపడం ఆపాడు. అక్క ఫ్రిజ్ మీది ఇటుకను తీసుకుంది. చెక్క మీద బావ వదిలి వెళ్ళిన కొత్త మేడ ఉంది. ముందు గోడ పూర్తయింది, వెనుక సగమే లేచింది. అక్క దాన్ని తన వైపుకు తిప్పుకుని, వెతుక్కోకుండానే వెనుక దర్వాజ పైన ఒకచోట ఇటుక పెట్టి నొక్కింది. టిక్కుమని కూర్చుంది. వంటగది కిటికీ లాంటిదేదో అక్కడ మొదలవుతోంది.

“వెనుక వైపు కట్టేది నువ్వా?” అన్నాను.

“మరి ఆయనకెర్కనా పొయ్యి ఎట్లుంటదో? లంగా ఏడ ఆరేస్తరో ఎర్కనా? ఆయన డ్యూటీకి పోంగనె పొద్దంత నాదే పని. ఎవలికి చెప్పకుమని ఒట్టు పెట్టిచ్చుకున్న. ఈ వయసుల బొమ్మలాటనా అని నవ్వుతరు గద.”

“అయితే హైదరాబాద్‌ల...” అన్నాడు రఫీ.

“గోడకు పెట్టుమని నేను చెప్పలేదా? వింటె గద!” అని దర్వాజ మీది కప్పును గోటితో ఒకసారి తట్టింది. ఆ తర్వాత నా చేతిలోంచి డ్యూటీ బట్టలు తీసుకుని రాయి దగ్గరికి వెళ్ళింది.

ఆ ఆదివారం మిషన్‌లో తిరిగినవన్నీ అక్క చీరలే. ఇటుక ఆమె కొంగు ముడిలోది.