అవ్వ పేగుల మీద నా పెత్తనం

మా అవ్వ, అంటే అమ్మ, పేగుల మీద నేను చేసిన పెత్తనం, దాంతో వచ్చిపడిన అనర్థం చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం సగం దాకానే నవ్వొస్తుంది.

అప్పుడు నేను జంతుశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. హార్మోన్ల పాఠం కొత్తగా ఒంటబట్టింది. ఎవరు అలిగినా, ఎవరు ఆవులించినా దానికో హార్మోను పేరు చెప్పకపోతే నాకు అన్నం సయించేది కాదు. మాది నస్పూర్, బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. అవ్వకు కడుపునొప్పి ముదిరితే కరీంనగర్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. అది బాగానే అయింది గానీ, పేగులు కదలడం మానేశాయి. కడుపు కుండలా ఉబ్బింది.

"గ్యాస్ పోవాలె. పోకుంటె మళ్ల కడుపు తెరిచి చూడాల్సొస్తది" అన్నారు డాక్టర్.

ఇక ఇంటిల్లిపాదీ అవ్వ అపానవాయువు కోసం కళ్లల్లో ఒత్తులు వేసుకుని ఎదురుచూశాం. అంతలో పెద్దపల్లి నుంచి ఫోను. అవ్వ సొంత అక్క, మా పెద్దవ్వ, గుండె ఆగి చనిపోయింది. తల్లి లేని మా అవ్వను పెంచి పెద్దచేసింది ఆమే.

బాపు వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. "జర మెల్లగ చెప్దాంరా. చెప్పకుంటె ఎట్ల?"

"వద్దు బాపూ! భయమైనా దుఃఖమైనా అడ్రినలిన్ రక్తంలకు ఉరుకుతది. పేగుల కండరాలను కదలనియ్యది. బావిల ప్రమాదమైతె పని బందైతది సూడు, గట్లనే."

బావి పేరు ఎత్తగానే బాపు హడలిపోయాడు. చదువుకున్న కొడుకు మాట కదా, పాపం, నమ్మాడు. అవ్వకు చెప్పకుండా తనొక్కడే మట్టికి, అంటే పెద్దవ్వను సమాధి చేయడానికి, వెళ్లాడు.

నేను వార్డు ముందు కాపలా కాశాను. వచ్చిన ప్రతి చుట్టానికీ తలుపు దగ్గరే హుకుం: "లోపట ఏడ్వద్దు. మొహం నవ్వుతుండాలె." అందరూ ఫొటోకు నిలబడ్డట్టు పళ్లికిలించుకుని లోపలికి వెళ్లారు. మా మేనత్తయితే కళ్లనిండా నీళ్లు పెట్టుకుని మరీ నవ్వింది.

అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. "ఏందిరా, అందరు గట్ల ఇకిలిస్తుండ్రు? నేను సచ్చిపోతున్ననా?"

"గట్లాంటిదేం లేదవ్వా."

"మరి అక్క ఎందుకు రాలే? నాకు తల నొస్తెనే ఉరికొచ్చేది."

"మోకాళ్ల నొప్పులట. తగ్గంగనే వస్తది."

అవ్వకు బుగులు, అదే భయం, పట్టుకుంది. చూశారా, ఏ అడ్రినలిన్‌ను ఆపాలనుకున్నానో దానికి నేనే తలుపులు బార్లా తీశాను! ఆ ఇంగితం అప్పుడుంటే ఇంకేం. ఆమె మనసు మళ్లిద్దామని, చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం వేసి, చర్చి నిండా జనం ముందు లుంగీ ఊడగొట్టుకున్న సంగతి అభినయించి చూపించాను. అవ్వ కుట్ల మీద చెయ్యి పెట్టుకుని "వద్దురా, నొస్తది" అంటూ నవ్వింది. మధ్యలో బాపు ఫోన్ చేశాడు. "మట్టి ఏస్తున్నంరా" అన్నాడు. సరేనని పెట్టేసి, మళ్లీ లుంగీ దగ్గరికి వచ్చాను.

మర్నాడు మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, వచ్చారు. మా వాళ్లలో రోగి మంచం దగ్గర ప్రార్థన చేయందే పలకరింపు పూర్తికాదు. ఆయనకూ తలుపు దగ్గరే పాఠం చెప్పాను. "పెద్దవ్వ సంగతి అవ్వకు చెప్పద్దు అయ్యగారూ."

"నేనెందుకు చెప్త బాబూ" అని మాటిచ్చారు.

అందరం కళ్లు మూసుకున్నాం. "ప్రభువా, గీ బిడ్డ పేగులను ముట్టు" అని మొదలుపెట్టిన అయ్యగారు, ఆ ఊపులోనే, "ఈమె అక్కను నీ సన్నిధికి పిలుచుకున్నవు తండ్రీ, గీ చెల్లెను ఓదార్చు" అనేశారు.

నేను ఠక్కున కళ్లు తెరిచాను. అవ్వ అప్పటికే తెరిచి ఆయన్నే చూస్తోంది.

"చెప్పద్దంటి గద అయ్యగారూ!"

"అవ్వకు చెప్పలే బాబూ. దేవునికి చెప్పిన. ఆయన దగ్గర ఎట్ల దాస్త?"

"అక్కా!" అని అవ్వ పెట్టిన కేకకు వార్డంతా లేచి కూర్చుంది. పట్టుకోబోతే నా చెయ్యి విదిలించి కొట్టింది. అయిపోయింది, ఇక మళ్లీ ఆపరేషనే అనుకున్నాను. ఆ ఏడుపు మధ్యలోనే గ్యాస్ పోయింది. చప్పుడుతో సహా.

పక్క మంచం ముసలామె చేతులు జోడించింది. నర్సు ఉరికొచ్చి "శభాష్ అవ్వా!" అంది. అయ్యగారు అదే అదనుగా "ఆమెన్" అనేశారు. అందరి మొహాలూ వెలిగిపోతుంటే, మధ్యలో అవ్వ ఒక్కతే గుండెలు బాదుకుంటోంది. ఏడుపు వల్లే పేగులు కదిలాయని నేననను. ఆపరేషన్ తర్వాత అవి మందగించడం, మళ్లీ వాటంతటవే కదలడం మామూలేనని డాక్టర్ తర్వాత చెప్పారు.

కాస్త నెమ్మదించాక అవ్వ అడిగింది. "ఎప్పుడు మట్టి చేసిండ్రు?"

"నిన్న పొద్దుగూకంగ."

అవ్వ కుట్ల మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు లుంగీ ముచ్చట చెప్పినప్పుడా?"

"అప్పుడే అవ్వా."

"మా అక్కను మట్టిల పెడుతుంటె నన్ను నవ్విచ్చినవారా?"

 అందుకని, థైరాయిడ్ మొదలు అడ్రినల్ దాకా ఒంట్లోని సమస్త గ్రంథుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు పోయినా, పోయారనే చెబుతాను. పక్కన కూర్చుని నేనూ ఏడుస్తాను. పేగుల సంగతి పేగులు చూసుకుంటాయి.