నురగరాయి పట్టిన అయస్కాంతం

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను నాంపల్లిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి పరిశోధన చేసేదాన్ని. మాది మెదక్. చిన్నమ్మ దవాఖానలో నర్సు. నేను పనిచేసేది సూపర్‌కండక్టర్ల మీద. ఆ పదార్థం చూడటానికి నల్లటి పింగాణీలా ఉంటుంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచి చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. లోపలికి దూరిన అయస్కాంత రేఖలు అందులోని సన్నని రేణువుల దగ్గర చిక్కుకుని కదలవు. రేణువులు ఎంత సన్నగా, ఎంత ఒత్తుగా ఉంటే పట్టు అంత గట్టిది.

మా గైడు గుంటూరు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబం మనిషి. ఆ పదార్థంతో ఆయన చేయించే దిమ్మలు మందంగా ఉండేవి. లోపలిదాకా ఆక్సిజన్ అందక సతాయించేవి, బీటలు వారేవి. దిమ్మకు బదులు చిల్లుల స్పాంజిలా చేస్తే లోపల కూడా గాలి ఆడుతుంది కదా అని ఒకరోజు అన్నాను. పట్టు ఉండాల్సిన చోట ఖాళీ పెడితే ఇంకేం మిగులుతుందన్నారాయన. అయినా వద్దనలేదు.

ఆ ఆదివారం చిన్నమ్మను వెంటబెట్టుకుని అబిడ్స్‌లో పరుపులు, కుషన్లు అమ్మే దుకాణానికి పోయాను. ఒక్కో స్పాంజి ముక్కను నోటికి ఆనించి ఊదుతుంటే దుకాణదారు చేస్తున్న పని ఆపి చూశాడు. ఊపిరి అవతలికి వస్తేనే చిల్లులు ఒకదానితో ఒకటి కలిసినట్టు. చిన్నమ్మ సిగ్గుపడి, నేనెవరో తెలియనట్టు పక్కకు పోయి కర్టెన్ గుడ్డలు చూస్తూ నిలబడింది.

మాకు కావలసిన రేణువుల పొడి ఆకుపచ్చగా ఉంటుంది. దాన్ని నీళ్లలో చిక్కగా కలిపి, స్పాంజిని ముంచి పిండి, ఆరబెట్టి కొలిమిలో పెట్టాను. స్పాంజి కాలిపోయి, దాని ఆకారంలో పచ్చటి గూడు మిగలాలి. మిగిలింది పొడి. మళ్లీ చేశాను, మళ్లీ పొడే. ఆ చలికాలమంతా అంతే.

ఒక మధ్యాహ్నం కొలిమి పక్కనే కూర్చుని ఉంటే పొగ మెల్లగా రాలేదు, ఒక్క ఊపున తన్నుకొచ్చింది. అప్పుడు తట్టింది. స్పాంజి ఒకేసారి కాలుతోంది, ఆ పొగ బయటపడే తొందరలో గోడలు కూల్చేస్తోంది. ఈసారి వేడిని చాలా మెల్లగా, రోజంతా పట్టేలా పెంచాను. కొలిమి తెరిస్తే గూడు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. తర్వాత బేరియం, రాగి కలిసిన రెండో మిశ్రమాన్ని కరిగించి అందులోకి ఇంకించి, నిదానంగా చల్లార్చి, ఆక్సిజన్ పట్టించాను. పచ్చది నల్లబడి నురగరాయిలా బయటికొచ్చింది. మైక్రోస్కోపు కింద ఆ పలుచటి గోడల నిండా నలుసుల్లాంటి రేణువులు.

మర్నాడు పొద్దున గైడు వచ్చేసరికి అన్నీ సిద్ధం చేశాను. లోతు పళ్లెంలో చొక్కా గుండీ అంత అయస్కాంతం, దాని మీద అట్టముక్క, ఆపైన నురగరాయి. నైట్రోజన్ పోశాను. బుసబుసలు ఆగాక అట్టముక్క లాగేసి, నురగరాయికి కట్టిన దారం పట్టి పైకెత్తాను. కింద అయస్కాంతం కూడా లేచింది. రెంటి మధ్య ఖాళీ, తగిలింది గాలి ఒక్కటే. కాసేపటికి రాయి వేడెక్కి అయస్కాంతం బల్ల మీద పడింది.

గైడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మళ్లీ చేయమ్మా. ఈసారి దారం నేను పట్టుకుంటాను," అన్నారు.

మళ్లీ లేచింది. ఆయన దారం వదలకుండానే గుమ్మం వైపు తిరిగి, పక్క గదుల్లో వాళ్లందరినీ పేర్లు పెట్టి పిలిచారు.

ఆ ఎండాకాలం నాంపల్లిలో ఒక ఆడపిల్లల కాలేజీ హాల్లో ఆయన ప్రసంగం పెట్టారు. సగంలో ఆపి, దీన్ని చేసిన మనిషి చెబితేనే బాగుంటుందని మైకు నా చేతికిచ్చారు. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో దారం పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. అయస్కాంతం గాలిలో వేలాడగానే హాలంతా లేచి నిలబడింది. దగ్గరగా చూద్దామని ఆడపిల్లలు స్టేజీ మీదికే వచ్చేశారు. ముందు వరుసలో చిన్నమ్మ, డ్యూటీ చీరలోనే, పక్కన కూర్చున్న కొత్తావిడ మోచెయ్యి పట్టుకుని చెబుతోంది:

"మా అక్క బిడ్డ. గా రాయి జేసింది గా పిల్లనే."