పదిహేడో పేజీలోని రాళ్లు

ఆ రోజుల్లో నాకొక విశ్వాసం ఉండేది. ఏ విషయాన్నయినా శీర్షికలతో, ఉపశీర్షికలతో, పేజీ సంఖ్యలతో కాగితం మీద పెట్టగలిగితే అది మనకు తెలిసినట్టేనని. మా కుటుంబంలో డిగ్రీ అందుకున్న మొదటివాణ్ణి కావడం వల్ల, నా పట్టా మీద నాకున్న గౌరవం దాన్నిచ్చిన విశ్వవిద్యాలయానికి కూడా ఉండి ఉండదు. ఆ గౌరవాన్ని పెట్టెలో భద్రంగా సర్దుకుని, వ్యవసాయశాస్త్ర పట్టభద్రుడిగా సౌదీలో అభా పక్క కొండల మీద ఒక ద్రాక్షతోటలో ఉద్యోగానికి చేరాను. అక్కడ అందరూ నన్ను ‘ముహందిస్’ అనేవారు, అంటే ఇంజనీరు. నేను ఇంజనీరును కానని మొదటి వారం వినయంగా సవరించాను. రెండో వారం నుంచి వినయం తగ్గించుకున్నాను.

మొదటి మూడు నెలలు తజ్రిబా, అనగా పరీక్షాకాలం. అది గట్టెక్కితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర. మా వంశంలో మొదటి డిగ్రీ నాదే కాబట్టి మొదటి ఎగ్జిట్ కూడా నాదే అవుతుందేమోనన్న భయంతో చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని తిరిగేవాణ్ణి.

మూడో నెలలో మా యజమానికి ఒక ఆలోచన వచ్చింది. స్పెయిన్‌లో కొన్ని శతాబ్దాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న ద్రాక్ష ఎస్టేటు ఒకటి ఉందట. అక్కడ పంట కన్నా నేలకే పేరట. నేల, వాలు, గాలి, ఎండ కలిసి పండుకు ఇచ్చే స్వభావాన్ని వాళ్లు ‘టెర్వార్’ అంటారట. మన ఎండుద్రాక్షకు కూడా అటువంటి నేలకథ కావాలని, ఆ ఎస్టేటు పెద్దాయన్ని రెండు రోజుల సలహాకు పిలిపించారు. రెండు నేలల్నీ పోలుస్తూ నివేదిక రాసే బాధ్యత నాది. షరతు ఒక్కటే, ఆ ఎస్టేటు దేనికి ప్రసిద్ధమో ఆ పదార్థం ప్రస్తావన ఎక్కడా రాకూడదు. నలభై పేజీలు రాశాను. వారి నేలమాళిగలను, ఓక్ పీపాలను, ఆ పీపాల్లో ‘తుది ఉత్పత్తి’ ఏళ్ల తరబడి తీసుకునే విశ్రాంతిని వర్ణించాను. (ఆ ఉత్పత్తిని నేను నేటికీ రుచి చూడలేదు. కనుక నా పరిశోధనలో పక్షపాతం లేదని మనవి.) పదిహేడో పేజీలో ఆ నేలలోని తెల్లరాళ్ల మహిమ గురించి, అవి తేమను కాపాడే తీరు గురించి, ఒక పటంతో సహా రాశాను.

అది రాసిన చేతులతోనే, పెద్దాయన రావడానికి రెండు రోజుల ముందు, మా నాలుగు మడుల్లోనూ ఉన్న అటువంటి తెల్లరాళ్లన్నీ ఏరించాను.

నా తప్పును సమర్థించుకోను గానీ, కారణం చెప్పుకోవాలి. నేను గుంటూరు వైపు నల్లరేగడిలో పుట్టినవాణ్ణి. మా వైపు పొలంలో రాయి కనిపిస్తే ఆ రైతు శ్రద్ధ మీద అనుమానం వస్తుంది. విదేశీ అతిథికి రాళ్ల పొలం చూపించడం, చుట్టాలొచ్చే వేళకు గుమ్మంలో అంట్లు పెట్టుకోవడం లాంటిదనిపించింది. పనివాళ్ల పెద్ద, పెషావర్ ఖాన్ చాచా, “సాబ్, పత్థర్ నే క్యా బిగాడా?” అని అడిగారు (ఈ రాళ్లు మీకేం అపకారం చేశాయని). శుభ్రత గురించి ఆయనకు హిందీలో ఉపన్యసించాను. యజమాని ఇంట్లో వంట చేసే కడప అక్క పుదీనా కోసుకోవడానికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

“ఏంటికి సారూ రాళ్లన్నీ ఏరిపిస్తాండావు? రాయి కింద సల్లగుంటాది. మా నాయన చీనిచెట్ల మొదట్లో కావాలనే పేరుస్తాండె.”

“అది సంప్రదాయ పద్ధతి అక్కా. ఇక్కడ శాస్త్రీయంగా వెళుతున్నాం,” అన్నాను. ఆమె పుదీనా ఇంకొంచెం గట్టిగా తెంపింది.

పెద్దాయన వచ్చారు. తోటంతా నడిచారు. మొదటి మడిలో మోకాళ్ల మీద కూర్చుని, పిడికెడు మట్టి తీసి చూసి, మేం పంపిన ఫొటోల్లో తెల్లరాళ్లు ఉన్నాయి కదా, అవి ఏమయ్యాయని అడిగారు. యజమాని నా వైపు చూశారు. ఖాన్ చాచా ఆకాశం వైపు చూశారు. నేనే ఏరించానని చెప్పాను.

పెద్దాయన నా నివేదిక తెరిచి, పదిహేడో పేజీ చూపించి, నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగారు. “ఇది రాసింది మీరేనా?”

“అవునండీ.”

“చదివారా?”

ఎగ్జిట్ ముద్ర ఏ రంగులో వేస్తారోనని ఆలోచించాను. ఆ రాళ్లు ఏ లోయలో పారబోశావని యజమాని గొంతు తగ్గించి అడిగారు. ఆయన గొంతు తగ్గిందంటే ప్రమాదమని తోటలో అందరికీ తెలుసు. పారబోయలేదని చెప్పి గోడ వెనక్కి తీసుకెళ్లాను. అక్కడ రాళ్లు నాలుగు కుప్పలుగా, పెద్దవి కింద, చిన్నవి పైన, ప్రతి కుప్పకూ మడి నంబరు రాసిన చెక్కపలకతో ఉన్నాయి. ఏది ఎక్కడిదో తెలియకుండా కలిపేయడం నా చదువు ఒప్పుకోలేదు.

పెద్దాయన పలకలను ఒక్కొక్కటిగా చదివి, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నారు. తమ ఎస్టేటు చరిత్రలో రాళ్లకు చిరునామా రాసినవాడు ఎవడూ లేడని, ఇటువంటివాణ్ణి పంపేయవద్దని యజమానితో అన్నారు. మూడు మడుల్లో రాళ్లు తిరిగి వేయమని, నాలుగోది మాత్రం అలాగే వదిలితే తేడా అందరికీ కనిపిస్తుందని సలహా ఇచ్చారు. ఆ రెండు రోజుల్లో మా తోట విన్న శాస్త్రీయమైన మాట అదొక్కటే.

రెండో రోజు పొద్దున్నే నేను వంగి రాళ్లు పేరుస్తుంటే కడప అక్క మళ్లీ పుదీనాకు వచ్చింది. “నడుం పట్టుకుంటాది నాయనా, కూసోని పెట్టు,” అని మాత్రం అంది.

ఉద్యోగం నిలిచింది. ఇప్పటికీ నిలిచే ఉంది. నాలుగో మడికి ‘ముహందిస్ మడి’ అనే పేరు కూడా నిలిచింది. వేసవిలో అన్నిటికన్నా ముందు ఆ తీగలే వాడిపోతాయి. యజమాని అతిథులకు ఆ మడి చూపించి, ఆ తర్వాత నన్ను చూపిస్తారు. నేను చెయ్యి గుండె మీద పెట్టుకుని సలాం చెబుతాను.

ఈ మధ్య ఆ మడిలో కొన్ని తెల్లరాళ్లు కనిపిస్తున్నాయని, గోడ వెనక నాలుగో కుప్ప లెక్క కుదరడం లేదని ఖాన్ చాచా అన్నారు. సాయంత్రం షికారు వెళ్లేటప్పుడు నా ప్యాంటు జేబు ఎందుకంత బరువుగా ఉంటుందో ఆయన అడగలేదు. తోటలో జరిగే ప్రతిదీ తేదీతో సహా రిజిస్టరులో రాసేవాణ్ణి నేనే. ఆ రాళ్లు ఎలా వచ్చాయో మాత్రం అందులో లేదు.