తలుపు వెనక తుపాకి

మా పెద్దమ్మ పోయింది. కోదాడ నుంచి వడ్ల బండి తోలుకొచ్చిన మనిషి మిర్యాలగూడలో మా మిల్లు గేటు దగ్గరే ఆ మాట చెప్పాడు. "మీ పెద్దమ్మ పోయిందయ్యా, మొన్న పొద్దున. మూడు రోజులు జ్వరంతో పడుకుంది, అంతే. కూతురి చేతుల్లోనే పోయింది." నేను ఇంజనుకు నూనె పోస్తున్నాను. పోయడం ఆపలేదు. డబ్బా ఖాళీ అయ్యాకగానీ ఆయన ఏం చెప్పాడో నా బుర్రకెక్కలేదు.

ఆమె మా అమ్మకు అక్క. పాలకీడు దగ్గరి పల్లెలో రెండు గదుల ఇల్లు, నాలుగెకరాల జొన్న చేను. ఊళ్లో ఇంకెవరికీ లేనిది ఆమె ఇంట్లో ఒకటుండేది, రెండు గొట్టాల తుపాకి. అడవిపందుల నుంచి చేను కాసుకోవడానికి పెద్దనాయన లైసెన్సు తీసి కొన్నాడు. ఆయన పోయాక అది ఆమె చేతికొచ్చింది.

రోజూ పొద్దున మొహం కడుక్కోగానే గడప మీద కూర్చుని, తుపాకిని మధ్యకు వంచి తెరిచి, గొట్టాలను వెలుతురు వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేది.

"ఏం కనిపిస్తది పెద్దమ్మా?"

"కందిరీగ లోపల గూడు పెట్టిందో లేదో కనిపిస్తది. జర పక్కకు జరుగు, పొద్దుకు అడ్డమున్నవ్."

చూశాక ఖాళీగానే తలుపు వెనక నిలబెట్టేది. తూటాలు వేరే, జొన్నల కుండలో. అవి అట్టతో చేసిన తూటాలు. చెమ్మ తగిలితే ఉబ్బి గొట్టంలో పట్టవు. జొన్నల్లో ఉంటే పొడిగా ఉంటాయని ఆమె లెక్క.

నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. తుపాకి నాకియ్యమని ఎన్నిసార్లు అడిగానో. ప్రతిసారీ పలుగు తెచ్చి చేతిలో పెట్టేది. "కోపమున్నోనికి ఇదే ఇయ్యాలె. పో, దిబ్బ పక్కన గుంత తవ్వు." తవ్వేవాణ్ని. గుంత నడుము లోతయ్యేసరికి నిజంగానే ఆకలి తప్ప ఇంకేమీ మిగిలేది కాదు.

ఆ రోజులు ఎట్లాంటివో ఈ చుట్టుపక్కల వాళ్లకు తెలుసు. రజాకార్ల లారీ ఆగిందంటే గింజలు పోయేవి, మేకలు పోయేవి, ఆడవాళ్ల మీద చేతులు పడేవి. మగవాళ్లు దొరికితే కొడతారని చేలల్లో దాక్కునేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం పెద్దమ్మ ఇంటికి వచ్చేవాళ్లు. ఒకే తలుపు, వెనక గోడ గట్టిది. ఆమె ఎప్పుడూ వాకిట్లోకి పోయి నిలబడేది కాదు, గడప లోపలే నీడలో నిలబడేది. వాకిట్లో మేకలను కట్టే గుంజ ఒకటుంది. "గుంజ దాటితేనే కాల్చాలె. దానికి అవతలుంటే సీసం రవ్వలు చెదిరి ఎవలికో తగుల్తయ్" అనేది.

ఆ వానాకాలం నాలుగే తూటాలు మిగిలాయి. సూర్యాపేట దుకాణంలో అమ్మడం ఆపేశారు. నేను మిల్లు నుంచి రెండు రోజులు ఉండిపోదామని వచ్చాను. ముసురు పట్టి గోడలు కూడా తడిసి ఉన్నాయి. ఇనుముకు నూనె పోస్తే తుప్పు పట్టదు, నీళ్లు అంటవు. మిల్లులో నేను నేర్చుకున్న చదువు అది. ఆమె చేనుకు పోయినప్పుడు ఆ నాలుగు తూటాలనూ గిన్నెడు ఆముదంలో ముంచాను. సాయంత్రానికి తీసి తుడిచి, మళ్లీ కుండలో పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం లారీ వచ్చింది. ఇంట్లో తొమ్మిది మంది ఆడవాళ్లు, నేను. పెద్దమ్మ కుండలో చెయ్యి పెట్టింది. ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయింది. తర్వాత రెండు తూటాలు తీసి, తుపాకి తెరిచి గొట్టాల్లో పెట్టి, మూయకుండానే ముంజేతి మీద వేసుకుని గడప దగ్గరికి పోయింది. తూటాల ఇత్తడి మొఖాలు రెండూ బయటికి మెరుస్తున్నాయి. ఆరుగురు వాకిట్లోకి వచ్చారు.

"ఏయ్ ముసలిదానా, తుపాకి కింద పెట్టు," అన్నాడు ముందున్నవాడు.

పెద్దమ్మ టక్కున తుపాకి మూసింది. ఆ చప్పుడుకు వాళ్లు ఆగారు.

"నువ్వే వచ్చి తీస్కో బిడ్డా. దీంట్ల రెండే ఉన్నయి, మీరు ఆరుగురున్రు. మొదటిది ఎవలికో, రెండోది ఎవలికో మీల మీరే మాట్లాడుకోని గుంజ దాటుండ్రి. నాకేం తొందర లేదు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఆమె వెనక నిలబడి "కాల్చు పెద్దమ్మా, కాల్చు" అంటున్నాను. ఆమె వేలు మీట దగ్గరికి కూడా పోలేదు. చివరికి వాళ్లు గుంజకున్న రెండు మేకలనూ విప్పుకుని, బూతులు తిట్టి లారీ ఎక్కారు.

నేను మండిపోయాను. "మేకలను తోల్కపోతుంటే బొమ్మలెక్క నిలబడ్డవ్. నీకెందుకే తుపాకి? పిరికిదానివి" అన్నాను. ఆ మాటే అన్నాను. ఆమె వండిన అన్నం తినకుండా మిర్యాలగూడ నడిచి వచ్చేశాను. ఎనిమిది నెలలు ఆ గడప తొక్కలేదు.

ఆ తర్వాత మిలిటరీ వచ్చింది, తుపాకులు అప్పజెప్పమన్నారు. ఆమె బండి కట్టించుకుని మిర్యాలగూడ ఠాణాకు వచ్చి నాకు కబురు పెట్టింది. ముభావంగానే పోయాను. జమాదారు తూటా ఒకటి కత్తితో చీల్చాడు. లోపల మందు నల్లటి ముద్ద. నాలుగూ అంతే. "ఇవి పేలవమ్మా" అని నవ్వాడు.

"వానకాలం కద బాబూ, నానినయేమో," అంది పెద్దమ్మ.

నా ముక్కుకు ఆముదం వాసన కొట్టింది. బండి దగ్గరికి వచ్చాక అడిగాను.

"నీకు తెలుసా?"

"కుండల చెయ్యి పెట్టంగనే తెలిసింది. అన్నీ జిగట జిగట. ఇంజనోని పనే అనుకున్న."

"మరి ఎట్ల పోయినవ్ బయటికి?"

"ఇంట్ల తొమ్మిది మందున్రు. ఏం పట్టుకోని నిలబడాలెరా, చాట పట్టుకోని నిలబడనా?"

"నాకెందుకు చెప్పలే?"

"అప్పుడు చెప్తే నీ మొహం సూసి వాళ్లకు తెలుస్తుండె. తర్వాత చెప్దామంటే నువ్వు రాకపోతివి." బండిలోంచి మూట తీస్తూ, "అన్నం తిన్నవా?" అంది.

ఆ రోజు తిన్నాను, ఆమె మూటలో తెచ్చిన జొన్నరొట్టె. తప్పయిందని మాత్రం అనలేదు. నాకు తిట్టడం వచ్చినంత సులువుగా ఆ మాట రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పిరికిదానివని అన్నది తప్పు. ఆ రోజు ఆ గడపకు ఇటూ అటూ నిలబడ్డవాళ్లలో అది పేలని తుపాకి అని తెలిసింది ఆమెకొక్కదానికే.

కర్మ అయ్యాక ఆ ఇంటికి పోయాను. కోదాడ నుంచి వచ్చిన అక్క, పెద్దమ్మ కూతురు, ఊడ్చి అలికి పెట్టింది. జొన్నల కుండ మూత తీసి అడుగుదాకా చెయ్యి పెట్టాను. అడుగున పిడికెడు గింజలు నూనె పీల్చి నల్లబడి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. పెద్దమ్మ వాటిని పారబొయ్యలేదు. నేనూ పారబొయ్యలేదు.

తలుపు వెనక మట్టి నేలలో తుపాకి మడమ ఆని ఆని పడిన చిన్న గుంట అలికినా పూడలేదు. అక్క అక్కడ చాటను నిలబెట్టింది. అంచు సరిగ్గా ఆ గుంటలో కూర్చుంది.