ఫస్ట్ బేస్ దగ్గర పోయిన పరువు

ఎనభైల మొదట్లో నేను అమెరికాలోని జార్జియాలో చదువుతున్నప్పుడు, మా కాలేజీకి కొత్తగా వచ్చిన బేస్‌బాల్ కోచ్ టీమ్ కోసం కుర్రాళ్లను ఎంపిక చేస్తున్నాడు. గుంటూరులో క్రికెట్ ఆడిన ధీమాతో నేనూ వెళ్లాను. మొదటి బంతినే కంచె దాకా కొట్టాను.

"పరిగెత్తరా!" అని మా రూమ్మేట్ రమణ అరిచాడు.

బ్యాట్‌తోనే పరిగెత్తాను. క్రికెట్ అలవాటు కొద్దీ, పరిగెత్తి చేరాల్సిన దిండులాంటి ఫస్ట్ బేస్ మీద బ్యాట్ ఆనించి, దర్జాగా ఇవతలే ఆగాను. ఫీల్డర్ తాపీగా వచ్చి బంతితో నా భుజం తట్టాడు.

"బ్యాట్ సేఫ్, సన్. నువ్వే అవుట్!" అన్నాడు కోచ్. మైదానమంతా ఘొల్లుమంది. బేస్‌ను కాలితో తాకాలని నాకెవరు చెప్పారు?

"ఇంకొక్క ఛాన్స్, సర్" అన్నాను.

"నెక్స్ట్!" అన్నాడు.

తర్వాత ఆయన ఆ టీమ్‌ను ఛాంపియన్‌గా నిలిపాడు. గొప్ప కోచ్ అని అందరూ అంటారు. అంత దూరం కొట్టినవాడికి ఒక్క రూలు నేర్పలేని ఆయన్ని నేను మాత్రం ఈనాటికీ అలా అనను.